డొమైన్ బేరం, 4వ పాఠం: చెప్పిన రేటు మనకి గిట్టుతుందా?

పోయిన పాఠంలో డొమైన్, అంటే వెబ్‌సైట్ అడ్రసు పేరు, ఎవరి చేతిలో ఉందో హూఈజ్ అనే రికార్డులో వెతకడం చూశాం, హోంవర్క్ కింద మీకు నచ్చిన పేరు ఒకటి పట్టుకుని రేటు అడిగి రమ్మన్నా. చాలామంది అడిగారు, అడిగి బెదిరిపోయారు కూడా. "అన్నా, వెయ్యి రూపాయలకి వస్తదనుకున్న, రెండున్నర లక్షలంటున్నడు, ఇది మోసమా ఏంది" అని ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. మోసం కాదు తమ్ముడూ. అలాగని ఆ రేటు న్యాయమైందనీ కాదు.

కోఠిలో చీరలు కొనేటప్పుడు మా అమ్మని చూసేవాణ్ణి. షాపువాడు చెప్పినదాంట్లో సగం నుంచి మొదలుపెట్టడం అందరూ చేసేదే, ఆవిడ అసలు పని షాపు మెట్లెక్కకముందే అయిపోయేది, ఈ పెళ్ళికి ఇంత, దాటితే లేచిపోవడమే అని లెక్క లోపలే ఉండేది. డొమైన్‌కీ అంతే. వాడు చెప్పిన రేటు చూసి అది ఎక్కువా తక్కువా అని ఆలోచించడం మొదలెడితే అప్పటికే వాడి ఆటలో కూర్చున్నట్టు. మన నంబర్ ముందు కాగితం మీద పడాలి. ఆ నంబర్ ఎలా తీయాలో ఇవాళ చూద్దాం.

దానికన్నా ముందు ఒక చిక్కు విడదీయాలి, ఎందుకంటే ప్రీమియం అనే ఒక్క మాటతో రెండు వేరే వేరే సరుకులు అమ్ముతున్నారు. ఒకటి, ఎవరో ఎప్పుడో మామూలు రేటుకి రిజిస్టర్ చేసుకుని ఇప్పుడు లక్షలు అడిగేది. దీంట్లో లక్షలు ఒక్కసారే కట్టాలి, ఆ తర్వాత ఏటా రెన్యూవల్ అందరికీ ఉన్నట్టే. డాట్ కామ్‌లన్నీ ఈ రకమే, డాట్ కామ్ నడిపే వెరిసైన్ కంపెనీ రిజిస్ట్రార్ల దగ్గర, అంటే మనకి పేర్లు అమ్మే కంపెనీల దగ్గర, తీసుకునే హోల్‌సేల్ రేటు 2024 సెప్టెంబర్‌లో 10.26 డాలర్లు అయింది, పేరు ఎంత గొప్పదైనా అదే, ఎంత చెత్తదైనా అదే. రెండోది డాట్ కామ్ కాని కొత్త ఎక్స్‌టెన్షన్లలో, అంటే పేరు చివర చుక్క తర్వాత వచ్చే కొత్త ముక్కల్లో ఉంటుంది, అక్కడ ఆ ఎక్స్‌టెన్షన్ నడిపే రిజిస్ట్రీయే కొన్ని పేర్లు ఏరి పక్కన పెట్టి ఎక్కువ రేటు పెడుతుంది, వాటిలో చాలావాటికి ఆ ఎక్కువ రేటు ప్రతి ఏడాదీ కట్టాల్సిందే.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నా. దిల్‌సుఖ్‌నగర్‌లో దోస్తు జిమ్ పెడుతుంటే వాడికి ఒక కొత్త ఎక్స్‌టెన్షన్‌లో భలే పొట్టి పేరు దొరికింది, మొదటి ఏడాది ఆఫర్‌లో 2,400 రూపాయలు, గబగబా కొనేసి బోర్డు రాయించి టీషర్టుల మీద కూడా వేయించేశాం. ఏడాది తిరిగేసరికి రెన్యూవల్ 18,000. నేను కొన్న సైట్‌లో ఆ సంగతి రాసే ఉంది, కార్ట్ పేజీలో కింద బూడిద రంగులో చీమ తలకాయంత అక్షరాలతో. వాడు ఇప్పటికీ కలిసినప్పుడల్లా టీషర్టుల లెక్క తీస్తాడు. కాబట్టి మొదటి ఏడాది రేటు చూడకండి, రెండో ఏడాదిది అడగండి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇక అసలు లెక్క. వనస్థలిపురంలో మాకు తెలిసిన వదిన ఒకావిడ ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది, ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే, ఇప్పుడు ఒక సైట్ కావాలంది. బేరం ఇంకా నడుస్తోంది కాబట్టి అసలు పేరు చెప్పను, పెద్దజాడీ అనుకుందాం. డాట్ కామ్ ఎవరో అమ్మకానికి పెట్టుకున్నారు, 5,500 డాలర్లు అన్నారు, ఆ రోజు రేటుకి దగ్గర దగ్గర 4,70,000 రూపాయలు. "గంత పైసలా, పేరుకేనా" అంది వదిన, మళ్ళీ ఆవిడే "కానీ పేరు మంచిగుంది" అంది. ఈ రెండో మాటే మన జేబుకి చిల్లు పెట్టేది.

నేను అడిగిన మొదటి ప్రశ్న అరకిలో జాడీ అమ్మితే అన్నీ పోను నీకెంత మిగులుతుంది వదినా అని. 280కి అమ్ముతుంది, మామిడికాయ, నూనె, కారం, బేగంబజార్ నుంచి తెచ్చే డబ్బాలు, ప్యాకింగు, కొరియరు పోను 60 మిగులుతుందట. 4,70,000ని 60తో భాగిస్తే 7,833 జాడీలు. ఐదేళ్ళలో ఆ డబ్బు వెనక్కి రావాలంటే ఈ పేరు వల్ల మాత్రమే నెలకి దాదాపు 130 జాడీలు అదనంగా పోవాలి, ఆవిడ ఇప్పుడు అమ్మేదే నెలకి 300. అదే డబ్బు ఏడు శాతానికి ఎఫ్‌డీ వేస్తే ఏడాదికి 32,900 వస్తుంది, అంటే ఊరికే కూర్చుంటే వచ్చే ఆ వడ్డీకే ఇంకో 46 జాడీలు నెల నెలా కలపాలి. వదిన నా ఫోన్‌లో క్యాల్క్యులేటర్ తీసుకుని మళ్ళీ తనే కొట్టి చూసింది, ఆ నంబర్ మారలేదు పాపం.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సింది "పేరు వల్ల మాత్రమే" అన్న ముక్క. సైట్ పెడితే అమ్మకాలు పెరుగుతాయి, నిజమే, కానీ ఆ పెరిగేది వెయ్యి రూపాయల పేరుతో పెట్టినా పెరుగుతుంది. మనం లెక్కపెట్టాల్సింది వెయ్యి రూపాయల పేరుకీ నాలుగు లక్షల పేరుకీ మధ్య తేడా ఒక్కటే. అమ్మేవాళ్ళు ఎప్పుడూ మొత్తం వ్యాపారాన్ని పేరు ఖాతాలో రాసేసి మాట్లాడతారు, మనం ఊఁ కొట్టేస్తాం.

ఆ తేడా ఎంతో కనుక్కోవడానికి ఒక ఫోన్ పరీక్ష ఉంది. తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి పేరు నోటితో ఒక్కసారే చెప్పండి, స్పెల్లింగ్ చెప్పొద్దు, విన్నది టైప్ చేసి వాట్సాప్ చేయమనండి. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కదా, ఇంగ్లీషు డొమైన్ల గురించి రాసేవాళ్ళెవరికీ ఈ బాధ లేదు, మనకి మాత్రం సగం లెక్క ఇక్కడే తేలుతుంది. వదిన ముందే కూర్చుని తొమ్మిది మందికి చేశాం. నలుగురు జే తర్వాత రెండు ఏలు పెట్టి చివర ఐ పెట్టారు. ఇద్దరు చివర డబుల్ ఈ పెట్టారు. ఒకాయన పెద్దలో ఒక డీ మింగేశాడు, ఆయన రిటైర్డ్ హెడ్మాస్టరు మళ్ళీ. అమ్మకానికి ఉన్న స్పెల్లింగు, అంటే ఒక్క ఏ, చివర ఐ, అది కొట్టింది ఇద్దరే ఇద్దరు. అంటే నాలుగు లక్షల డెబ్బై వేలు పోసి కొన్నాక కూడా తొమ్మిది మందిలో ఏడుగురు వేరే చోటికే పోతారు! ఎక్కువమంది కొట్టిన స్పెల్లింగు డాట్ కామ్ ఎవరిదో ఉంది, డాట్ ఇన్ మాత్రం ఖాళీగా ఉంది, అక్కడికక్కడే వెయ్యి లోపు తీసేసుకున్నాం.

ఈ పరీక్ష రెండో వైపు కూడా తిరుగుతుంది. ఫేస్‌బుక్ మొదట్లో దఫేస్‌బుక్ అని ఉండేది, 2005లో రెండు లక్షల డాలర్లు పెట్టి ముందున్న ఆ "ద" లేని డాట్ కామ్ కొన్నారు. జనం నోట్లో ఎలాగూ ఆ ముక్క నిలవదు, అంటే వాళ్ళకి కారుతున్న చోటే మాటు వేసుకున్నారు. టెస్లా ఇంకోలా చేసింది, 2016 దాకా టెస్లామోటార్స్ డాట్ కామ్‌తోనే కార్లు అమ్ముకుంది, ఆ తర్వాతే పొట్టి పేరుకి మారింది, దానికి పదేళ్ళు పట్టిందనీ కోటీ పది లక్షల డాలర్లు అయిందనీ మస్క్ తనే చెప్పాడు. దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు, పొడుగు పేరుతో కూడా అన్నేళ్ళు బతకొచ్చని ఒకటి, మనం పేరు తెచ్చుకున్నాక అడిగితే రేటు కూడా మనతో పాటే పెరుగుతుందని ఇంకొకటి. నేనైతే మొదటిదాని వైపే, ఎందుకంటే మనలో చాలామందికి ఆ రెండో కష్టం వచ్చేంత అదృష్టం పట్టాలి ముందు.

అలాగని లక్షల పేర్లన్నీ దండగ అని రాసుకోకండి నోట్సులో. అదే 4,70,000 కొండాపూర్‌లో ఒక పళ్ళ డాక్టరు గారికి చెప్పారనుకోండి, ఇంప్లాంటు పేషెంటు ఒకరి మీద ఆయనకి 12,000 మిగులుతుందనుకోండి, 40 మంది చాలు, ఐదేళ్ళలో ఏడాదికి ఎనిమిది మంది. చెప్పగానే గుర్తుండిపోయే పేరు ఏడాదికి ఎనిమిది మందిని తేవడం నమ్మబుద్ధేసే సంగతే, నెలకి 130 జాడీలు తేవడం కాదు. పేరు అదే, రేటు అదే, కొనేవాడి సరుకు మారితే గిట్టుబాటు మారిపోయింది.

అమ్మేవాళ్ళు మిమ్మల్ని లొంగదీయడానికి రెండు మాటలు వాడతారు. ఫలానా వాయిస్ డాట్ కామ్ 2019లో మూడు కోట్ల డాలర్లకి పోయింది తెలుసా అంటారు. నిజంగానే పోయింది, కానీ అది ప్రపంచమంతా వాడే ఇంగ్లీషు మాట, మన జాడీకి అంత పెద్ద క్యూ ఉండదు. నేమ్‌బయో అని పాత అమ్మకాలు వెతుక్కునే సైట్ ఉంది, అందులో మీ పేరులాంటివే చూడండి, అదే ఎక్స్‌టెన్షన్, దాదాపు అంతే పొడుగు, కుదిరితే మన భాషల మాటలు. ఆటోమేటిక్‌గా విలువ కట్టే టూల్స్‌ని తెలుగు పేర్ల విషయంలో నేను అసలు నమ్మను, ఒకదాంట్లో పచ్చడి అని కొడితే ఇచ్చిన రేటుకీ అర్థంలేని అక్షరాలు కొడితే ఇచ్చిన రేటుకీ పెద్ద తేడా లేదు. రెండో మాట, పేరులో కీవర్డ్, అంటే జనం వెతికే మాట, ఉంటే గూగుల్‌లో పైకి వస్తుందని. గూగుల్ 2012 సెప్టెంబర్‌లోనే పేరు తప్ప లోపల సరుకు లేని అలాంటి సైట్లని కిందకి తోసే మార్పు తెచ్చింది, ఆ మాట నమ్మి పైసా కూడా ఎక్కువ పెట్టకండి.

పేరు పాత బతుకు కూడా చూడాలి, వేబ్యాక్ మెషీన్‌లో ఆ అడ్రసు కొడితే గతంలో అక్కడ ఏముండేదో కనిపిస్తుంది, జూదం సైటో మందుల స్పామో నడిచి ఉంటే ఎంత తగ్గించినా వద్దు, మీ మెయిళ్ళు కూడా స్పామ్‌లో పడే ప్రమాదం ఉంటుంది.

ట్రేడ్‌మార్క్ సంగతి కూడా ఇక్కడే. ప్రభుత్వం ఐపీ ఇండియా సైట్‌లో సెర్చ్ ఫ్రీ, టిఫిన్ సెంటర్, హోటల్ లాంటివి 43వ క్లాసు, తిండి సరుకులు 29, 30లో వెతకండి. డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్‌లాగే రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పేసింది, అంటే లక్షలు పోసి కొన్న పేరు ఇంకొకరి బ్రాండ్ అయితే పేరూ పోతుంది, లక్షలూ పోతాయి. తిరగేసి చూస్తే, మీ రిజిస్టర్డ్ బ్రాండ్ పేరునే ఎవడో డాట్ కామ్ తీసి పట్టుకుని బేరానికి వస్తే కొనక్కర్లేకపోవచ్చు, డొమైన్ తగాదాలు తీర్చే యూడీఆర్‌పీ అనే పద్ధతి ఉంది, వైపో అనే అంతర్జాతీయ సంస్థలో ఆ ఫిర్యాదుకి తీర్పు చెప్పే ప్యానలిస్టు ఒక్కరే అయితే 1,500 డాలర్ల ఫీజు, లాయర్ ఖర్చు వేరే. కానీ వాడు దురుద్దేశంతో తీశాడని మీరే నిరూపించాలి, మీ వ్యాపారం పుట్టకముందే వాడు తీసి ఉంటే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. డాట్ ఇన్‌కైతే ఐఎన్‌డీఆర్‌పీ అని మన దేశంలోనే వేరే పద్ధతి ఉంది.

ఆగితే తగ్గిస్తాడేమో అని అడిగారు ఇద్దరు ముగ్గురు. వాడికి ఆ పేరు ఏడాది దాచుకోవడానికి అయ్యే ఖర్చు వెయ్యి రూపాయల చిల్లర, పదేళ్ళు కూర్చోగలడు. తొందర మనదే, అది వాడికీ తెలుసు.

మళ్ళీ వదిన దగ్గరికి. గుండె మీద చెయ్యేసుకుని చెప్పు వదినా, ఆ డాట్ కామ్ ఉంటే నెలకి ఎన్ని జాడీలు ఎక్కువ పోతాయి అంటే కాసేపు ఆలోచించి పదిహేను అంది. నెలకి 900, ఐదేళ్ళకి 54,000. అదే ఆవిడ నంబర్. కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెట్టించా, 600 డాలర్లకి ఆఫర్ పంపాం. రాసేటప్పటికి జవాబు రాలేదు. వదిన మాత్రం ఆ డాట్ ఇన్ పేరుతో చిక్కడపల్లిలో ఐదొందల స్టిక్కర్లు కొట్టించేసింది.

మీ హోంవర్క్: అమ్మే సరుకు మీద మీకు మిగిలేది, ఫోన్ పరీక్షలో తొమ్మిది మంది రాసిన తొమ్మిది స్పెల్లింగులు, రెండో ఏడాది రెన్యూవల్ స్క్రీన్‌షాట్, చివర మీ నంబర్. అమ్మేవాడికి మాత్రం ఇప్పుడే ఏమీ రాయకండి, మొదటి మెయిల్‌లో ఏం రాయకూడదో, డబ్బు ముందా డొమైన్ ముందా అనే తగాదాని ఎస్క్రో, అంటే డబ్బు మధ్యలో పట్టుకునే మూడోవాడు, ఎలా తీరుస్తుందో వచ్చే పాఠంలో.