రూల్స్ మీద పార్లమెంటు నిఘా, 3వ పాఠం: ఆ ముప్పై రోజుల లెక్క

చట్టం ఇచ్చిన అధికారంతో ప్రభుత్వం చేసేవి రూల్స్. పోయిన పాఠంలో జీఎస్ఆర్ నంబరు (గెజిట్‌లో రూల్స్‌కి ఇచ్చే నంబరు) పట్టుకుని గెజిట్‌లో వాటిని ఎలా వెతకాలో చూశాం. దొరికిన రూల్స్‌ని పార్లమెంటు ఏం చేయగలదు, ఎప్పటిలోగా చేయగలదు అన్నది ఇవాళ్టి పని.

రూల్స్ పక్కన పెట్టి అసలు చట్టం తెరవండి. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం, 2000 తీసుకుందాం, 87వ సెక్షన్. కేంద్రం వేటి మీద రూల్స్ చేయొచ్చో చెప్పే పొడవాటి జాబితా ఉంటుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. మీరు మూడో ఉపసెక్షన్ దాకా వెళ్లండి. అదంతా చాంతాడంత వాక్యం, కాబట్టి పెన్సిల్‌తో ముక్కలు చేయండి.

రూల్స్‌ని ఉభయ సభల ముందూ పెట్టాలి. సభలు సమావేశంలో ఉండగా మొత్తం 30 రోజులు అక్కడ ఉండాలి, అవి ఒకే సమావేశంలో (అంటే ఒక సెషన్‌లో) పూర్తి కాకపోతే వరుసగా వచ్చే సమావేశాలు కూడా కలుపుకోవచ్చు. ఆ 30 రోజులు నిండిన సమావేశం తర్వాత వచ్చే సమావేశం ముగిసేలోపు రెండు సభలూ ఒప్పుకుంటే రూల్ మారుతుంది, లేదా రద్దవుతుంది. అప్పటిదాకా దాని కింద జరిగినవి మాత్రం చెల్లుతాయి.

ఇందులో లేనిదేంటో గమనించారా? ముందస్తు అనుమతి! గెజిట్‌లో చెప్పిన తేదీ నుంచే రూల్ అమల్లోకి వచ్చేస్తుంది, పార్లమెంటు నోరు విప్పకపోతే అలాగే కొనసాగుతుంది.

‘రెండు సభలూ’ అన్న మాట కింద గీత గీయండి, అసలు మెలిక అక్కడే ఉంది. జనం పెట్టే పోస్టులు, సమాచారం చేరవేసే ఇంటర్నెట్ కంపెనీలకు (ఇంటర్మీడియరీలకు) ఈ ఐటీ చట్టం కిందే 2011 ఏప్రిల్‌లో తెచ్చిన ఇంటర్మీడియరీ రూల్స్‌ని రద్దు చేయాలని సీపీఎం సభ్యుడు పి. రాజీవ్ 2012 మేలో రాజ్యసభలో తీర్మానం పెట్టారు. చర్చ బాగానే జరిగింది, అప్పటి మంత్రి కపిల్ సిబల్ అందరితో మాట్లాడతామన్నారు, చివరికి మూజువాణి ఓటుతో తీర్మానం వీగిపోయింది. ఒకవేళ నెగ్గినా లోక్‌సభ కూడా ఒప్పుకోవాలి, అక్కడ మెజారిటీ ఉన్నది రూల్స్ చేసిన ప్రభుత్వానికే కదా. నన్నడిగితే ఈ అధికారం కాగితం మీద ఉన్నంత గట్టిది కాదు, కానీ మంత్రిని సభలో నిలబెట్టి జవాబు చెప్పించడానికి పనికొస్తుంది.

ఇంకోటి. రూల్స్‌ని సభ ముందు పెట్టడమే మర్చిపోతే అవి చెల్లవని అనుకోకండి. అట్లాస్ సైకిల్ కేసులో, 1979లో, నిత్యావసర సరుకుల చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు గురించి సుప్రీంకోర్టు, సభ ముందు పెట్టనంత మాత్రాన అది చెల్లకుండా పోదని చెప్పింది.

అభ్యాసం: 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఇలాంటి సెక్షన్ వెతకండి. ఎన్ని రోజులు, ఎన్ని సభలు, ఎప్పటిదాకా గడువు అన్నవి రాసుకోండి. రూల్స్‌ని వరస వరసగా చదివే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీల సంగతి 4వ పాఠంలో.