స్పెయిన్ కొండల్లో సైకిల్: ఆగి మళ్లీ ఎక్కేటప్పుడు జాగ్రత్త

పోయిన అక్టోబరులో మయోర్కా దీవిలో మా గుంపులో ఒకతను కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నాడు. కొండ ఎక్కుతూ కాదు, దిగుతూ కాదు. ఫొటో కోసం ఆగి, మళ్లీ బయలుదేరిన అర నిమిషానికి. కొత్తవాడేం కాదు, ఆదివారం తెల్లారేలోపు హైదరాబాద్ నుంచి వికారాబాద్ చేరుకునే మనిషి. ఆ రోజు నాలుగు గంటలపాటు బుద్ధిగా రోడ్డుకు కుడి పక్కనే తొక్కాడు. సముద్రం బాగా కనిపించే చోట రోడ్డు దాటి ఫొటో తీసుకున్నాడు. అక్కడే సైకిలెక్కి, ఎడమ పక్కనే సాగిపోయాడు. ముందు కారు లేదు, వెనక కారు లేదు. ఒక్క కారైనా కనిపించి ఉంటే గుర్తొచ్చేది. మలుపు తిరిగేసరికి ఎదురుగా వచ్చింది. డ్రైవరు నెమ్మదిగా వస్తున్నాడు కాబట్టి ఒక్క ఎముకతో సరిపోయింది.

ఈస్టర్ సెలవులకు బ్రిటన్, ఐర్లాండ్, జర్మనీల నుంచి మనవాళ్లు మళ్లీ బయలుదేరుతున్నారు, ఇండియా నుంచి వచ్చేవాళ్లూ పెరిగారు. అందుకే ఇది రాస్తున్నాను. గాలి చూసుకోండి, గొలుసుకు నూనె వేయండి లాంటివి చెప్పను. హెల్మెట్ గురించీ చెప్పను, ఊరి బయట అది అక్కడ చట్టమే.

ఎడమ అనే అలవాటు

స్పెయిన్‌లో బండ్లు కుడి పక్కన నడుస్తాయని అందరికీ తెలుసు. తెలిసినవాళ్లే పడుతున్నారు. పొద్దున హోటల్ నుంచి బయలుదేరేటప్పుడు ఎవరూ తప్పు చేయరు, అప్పుడు మనసంతా దాని మీదే ఉంటుంది. తప్పు జరిగేది ఆగి మళ్లీ ఎక్కేటప్పుడు. కాఫీ తాగి బయటికి వచ్చాక, పంక్చర్ వేసుకున్నాక, పల్లెలో వన్ వే సందు దాటి మామూలు రోడ్డు మీదికి వచ్చాక. అలసిపోయి ఉంటాం, ఒళ్లు తనకు తెలిసిన పని తాను చేసుకుపోతుంది. ఇండియాలో పెరిగిన ఒంటికి తెలిసింది ఎడమ. బ్రిటన్, ఐర్లాండ్‌లలో ఉండేవాళ్లకు అక్కడ కూడా ఎడమే కాబట్టి ఆ అలవాటు ఇంకా గట్టిపడి ఉంటుంది.

కొండదారులు దీనికి మరీ చెడ్డవి. ఊళ్లో అయితే పక్క బండ్లను చూసి దారిలో పడతాం. మయోర్కాలోని ట్రముంటానా కొండల్లోనో, ఈశాన్య స్పెయిన్‌లోని జిరోనా ఊరి చుట్టుపక్కల సన్నటి రోడ్ల మీదో పది నిమిషాలపాటు ఒక్క బండీ కనిపించకపోవచ్చు. గుర్తు చేసేవాడు లేడు. పదకొండో నిమిషంలో వచ్చేవాడు మలుపు అవతల ఉంటాడు.

ఇంకోటి, ఇది చాలామందికి తట్టదు. గాభరా పడితే మనం హ్యాండిల్ ఎడమకే తిప్పేస్తాం. మన రోడ్ల మీద ఎదురుగా ఏదైనా వస్తే తప్పుకోవలసింది ఎడమకే కదా. స్పెయిన్‌లో ఆ ఎడమ అంటే సరిగ్గా ఎదుటి బండి కిందికి. రోడ్డు దాటేటప్పుడూ అంతే. మొదట కుడికి చూడటం మనకు చిన్నప్పటి పాఠం, అక్కడ మొదటి ప్రమాదం ఎడమ నుంచి వస్తుంది. రౌండ్ అబౌట్ కూడా అపసవ్యంగానే తిరగాలి, ప్రదక్షిణ చేసినట్టు కాదు.

నేను చేసేది చెబుతాను. హ్యాండిల్ మధ్యలో తెల్ల టేపు అంటించి తెలుగులో ‘కుడి’ అని రాసుకుంటాను. ఓసారి కాఫీ కొట్టు పెద్దాయన అది దేవుడి పేరా అని అడిగాడు. దాదాపు అంతే అన్నాను. గుంపులో వెళ్తే, ఆగిన ప్రతిసారీ ముందు కదిలే మనిషి గట్టిగా ‘కుడి’ అనాలి, మిగతావాళ్లు తిరిగి అనాలి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఉండనివ్వండి. ఫొటోకు కూడా కుడి పక్కనే ఆగండి. రోడ్డు దాటాల్సి వస్తే సైకిల్‌ను కుడి పక్కనే వదిలి, నడిచి దాటండి.

ఎడమ చెయ్యి ఏ బ్రేకు?

ఇండియాలో, బ్రిటన్‌లో కుడి లీవరు ముందు చక్రానిది. స్పెయిన్‌లో అద్దెకిచ్చే సైకిళ్లకు మామూలుగా ఎడమ లీవరు ముందు చక్రానిది. వెనక బ్రేకు అనుకుని ఏటవాలులో ఎడమ లీవరు గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరిపడటమే. షాపు ముందు చదును చోటే ఒక్కో లీవరూ నొక్కి చూడండి. బుక్ చేసేటప్పుడే అడిగితే మార్చి ఇచ్చే షాపులున్నాయి, బ్రిటన్ వాళ్లు ఎక్కువగా వచ్చే మయోర్కాలో ఇది వాళ్లకు కొత్త కోరిక కాదు.

దిగుడు

మయోర్కాలోని సా కలోబ్రా గురించి వినే ఉంటారు. 1932లో ఆంటోనియో పరియెట్టి అనే ఇంజనీరు కట్టించిన రోడ్డు, కింద రేవు నుంచి పైన కనుమ దాకా దాదాపు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, సగటున 7 శాతం వాలు, ఇరవైకి పైగా హెయిర్‌పిన్ మలుపులు. ఒకచోట రోడ్డు తన కిందినుంచే తాను దూరిపోతుంది, టై ముడి అని పిలుస్తారు. అందం గురించి ఇంకెక్కడైనా చదువుకోండి. ఇక్కడ ముఖ్యమైంది ఏమిటంటే, ఆ రేవుకు వేరే రోడ్డు లేదు. ముందు దిగాలి, తరువాత ఎక్కాలి. తిరుమల ఘాట్‌లో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. ఆ ధీమాతో ఇక్కడికి రాకండి. ఎక్కే టూరిస్టు బస్సు, దిగే మీరు, ఎండకు సొమ్మసిల్లిన ఇంకో సైకిల్, అన్నీ ఒకే సన్నటి రోడ్డు మీద. బస్సు మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. అందుకని పొద్దున్నే వెళ్లండి, బస్సులు వచ్చేసరికి తిరిగి పైన ఉండండి.

బ్రేకు మలుపుకు ముందే. మలుపులోకి వెళ్లాక నొక్కితే సైకిల్ నిటారుగా లేచి బయటికి జారుతుంది. కుడి మలుపులో ఆ బయట అంటే ఎదుటి బండ్లు వచ్చే వైపే.

ఉత్తర స్పెయిన్‌లోని అస్టూరియాస్‌లో అంగ్లిరు అనే కొండ అయితే లెక్కే వేరు. పన్నెండున్నర కిలోమీటర్లలో రెండో సగం దారుణంగా ఉంటుంది, ఒకచోట వాలు 23 శాతం దాటుతుంది. 1999లో స్పెయిన్ పెద్ద సైకిల్ రేసు వుయెల్టా మొదటిసారి అక్కడికి వెళ్లింది. 2002లో వానలో జారి పడ్డాక డేవిడ్ మిల్లర్ అనే బ్రిటిష్ రేసర్ ముగింపు గీతకు కొద్ది అడుగుల ముందు ఆగిపోయి, నిరసనగా తన నంబరు చింపి ఇచ్చేశాడు. రేసర్ల సంగతే అది. తడిగా ఉన్న రోజు మీరు వెళ్లకండి. దిగేటప్పుడు మధ్యమధ్యలో ఆగి రిమ్‌లు చల్లారనివ్వండి. ఆగి మళ్లీ ఎక్కేటప్పుడు ఏం చేయాలో పైన చెప్పాను.

ఎండ

మనకు ఎండ కొత్తా అనుకునేవాళ్లకు ఒక్క మాట. అక్కడి గడియారం సూర్యుడి కంటే బాగా ముందుంటుంది. వేసవిలో దక్షిణాన ఉన్న గ్రనడాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేది మధ్యాహ్నం రెండు దాటాక. మూడింటికి ఎండ తగ్గుముఖం పడుతుందని మన లెక్క, అక్కడ అసలు మంట అయిదింటికి. సూర్యోదయంతో బయలుదేరి పన్నెండుకల్లా నీడకు చేరండి. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా పల్లెల్లో కొట్లు మూసేస్తారు, ఆదివారం అసలు తెరవకపోవచ్చు. ‘తరువాతి ఊళ్లో నీళ్లు కొంటాం’ అనే ప్లాన్ పెట్టుకోకండి. ఊళ్లలో కొళాయిలు ఉంటాయి. ‘నో పొతాబ్లే’ అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగకూడదు.

గ్రనడా నుంచి వెలెటా శిఖరం వైపు వెళ్తే దీనికి పూర్తిగా తలకిందులు. ఆ తారు రోడ్డు 3,300 మీటర్లు దాటి పోతుంది. కింద 35 డిగ్రీలు ఉన్న రోజున కూడా పైన వేళ్లు కొంకర్లు పోతాయి, కొంకర్లు పోయిన వేళ్లతో బ్రేకు పడదు. గాలి చొరబడని పల్చటి జాకెట్ జేబులో ఉండాల్సిందే.

మిగతావి, వరసగా

కిలోమీటర్లు చూసి రూటు ఎంచుకోకండి, మొత్తం ఎక్కుడు ఎన్ని మీటర్లో చూడండి.

మ్యాప్‌లో ‘పుయెర్తో’ అని కనిపిస్తే రేవు అనుకోకండి. కొండ కనుమను కూడా అలాగే అంటారు.

సొరంగంలోకి వెళ్లేముందు నల్ల కళ్లద్దాలు తీయండి, లైటు వేయండి. మయోర్కాలో పుయిగ్ మయోర్ కొండ దగ్గర సొరంగం చీకటిగా ఉంటుంది.

ఎన్నో వారాల తరువాత పడిన మొదటి వానలో దిగకండి. రోడ్డు సబ్బు రాసినట్టు ఉంటుంది.

దక్షిణాన హయేన్ వైపు చలికాలం ఆలివ్ కోతలు. ట్రాక్టర్లు పొలం మట్టిని రోడ్డు మీదికి తెస్తాయి. మలుపులో మట్టి ఉంటుందనుకునే దిగండి.

ట్రముంటానాలో మేకలు, అస్టూరియాస్‌లో కోవడోంగా దారిలో ఆవులు. ఒకటి దాటితే ఇంకోటి వస్తుందని ఆగండి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. జరిమానా ఉంది.

మధ్యాహ్నం వైన్ వద్దు. మద్యం పరిమితి సైకిల్‌కూ వర్తిస్తుంది.

కారు మిమ్మల్ని దాటాలంటే కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలి, అది చట్టం. ఇస్తారనే నమ్మకంతో రోడ్డు మధ్యకు రాకండి.

ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చు. గుడ్డి మలుపులో వద్దు.

దిగుతూ వీడియో తీయకండి. ఎవరు చూస్తారది?

ప్రయాణ బీమా కాగితంలో సైకిల్ ఉందో లేదో బయలుదేరే ముందు చదవండి. ‘సాహస క్రీడలు’ అన్న వరసలో తీసేసి ఉండవచ్చు.

ప్రమాదం జరిగితే 112.

ఆగారా? ఎక్కే ముందు ‘కుడి’ అనండి. ఒంటరిగా ఉన్నా అనండి. సిగ్గుపడకండి.

చివరి రోజే ఎక్కువ జాగ్రత్త. అలవాటైపోయింది అనుకునేది ఆ రోజే.

టేపు చెమటకు ఊడిపోతుంది. రోజూ పొద్దున చూసుకోండి, ఊడితే కొత్తది అంటించండి.