తల, మెడ మీద రక్తనాళాల గడ్డ: వాత, కత్తి, పన్ను పీకుడు కంటే ముందు

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు పల్లెల్లో బిడ్డ చెంప మీదో మెడ మీదో నీలంగా మెత్తటి వాపు కనబడితే వాత పెట్టించేవాళ్లు, పసరు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండూ వద్దు. పైచర్మం పుండు పడితే రక్తం ఆగదు.

అరచేతిని నొక్కకుండా గడ్డ మీద ఆనించండి. పక్కన తిరగలి తిప్పుతుంటే నేల అదిరినట్టు సన్నటి అదురు తెలిసి, చర్మం వెచ్చగా ఉంటే ధమని నేరుగా సిరలో కలిసిన గడ్డ కావచ్చు. అన్నిటికన్నా ప్రమాదం ఇదే. అదురు లేకుండా, నొక్కితే అణిగి, తల వంచినా ఏడ్చినా ఉబ్బేది సిరల గడ్డ. లోపల మిరియపు గింజల్లాంటి గట్టి పలుకులు తగలవచ్చు. టార్చి ఆనిస్తే వెలుగు పారేది ఎక్కువగా లింఫ్ (ఒంట్లో పారే నీరులాంటి ద్రవం) నిండిన తిత్తి. పుట్టిన కొన్ని వారాలకు మొదలై గబగబా పెరిగే ఎర్ర మచ్చ వేరు, అది హిమాంజియోమా. దానికి డాక్టరు పర్యవేక్షణలో ప్రొప్రనలాల్ రోజుకు కిలోకు 2–3 మి.గ్రా. వాడతారు. పాలు పట్టాకే ఇవ్వాలి. వాంతులైనా, పాలు తాగకపోయినా డోసు ఆపాలి, లేదంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. పై మూడు గడ్డలకూ ఈ మందు పనిచేయదు.

మొదట డాప్లర్ (రక్తం పారే తీరు చూపే స్కాన్), తర్వాత కాంట్రాస్టు (నాళాలు స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందు)తో ఎం.ఆర్.ఐ. తీయించాలి. అదురున్న గడ్డలో పరీక్షకని ముక్క తీయించకూడదు. సిరల గడ్డ పెద్దదైతే ఆపరేషన్‌కు ముందు రక్తం గడ్డకట్టే తీరు తెలిపే డి-డైమర్, ఫైబ్రినోజెన్ పరీక్షలు చూడాలి.

సిరల గడ్డకూ లింఫ్ తిత్తికీ స్క్లెరోథెరపీ (గడ్డను కుదించే మందు) ఇంజెక్షన్లు చాలాసార్లు, కొన్ని వారాల ఎడంతో పడతాయి. ఇంజెక్షన్ తర్వాత మొదటి రోజుల్లో వాపు ఇంకా పెరుగుతుంది. నాలుక మొదట్లోనో గొంతులోనో ఉంటే ఊపిరి ఆడకపోవచ్చు కాబట్టి ఐ.సి.యు. లేని చోట చేయించకండి. ధమని గడ్డకు రక్తనాళంలోకి పంపిన సన్నటి గొట్టం ద్వారా గడ్డ నడిబొడ్డును మూసి, ఒకటి నుంచి మూడు రోజుల్లో కోసి తీస్తారు. మెడలోని పెద్ద ధమనిని ముడివేసి వదిలేయడం ఘోరమైన తప్పు: పక్క నాళాలు తెరుచుకుని గడ్డ ఇంకా పెరుగుతుంది, గొట్టం వెళ్లే దారీ మూసుకుపోతుంది.

దవడ లోపల ఈ గడ్డ ఉంటే పన్ను వదులై చిగురు చుట్టూ ఊరికే రక్తం కారుతుంది. స్కాన్ చూడకుండా ఆ పన్ను పీకించకండి, నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. పొరపాటున పీకేస్తే ఆ పన్నునే తిరిగి గుంటలో పెట్టి, గుడ్డ మడతను గట్టిగా కొరికి పట్టించండి. ఎత్తి ఎత్తి చూడొద్దు. ముందుకు వంచి కూర్చోబెట్టి, అలాగే ఆసుపత్రికి బండి ఎక్కించండి.

విశాఖకో హైదరాబాదుకో వెళ్లేవాళ్లు ఇంటర్వెన్షనల్ రేడియాలజీ (స్కాన్ చూస్తూ గొట్టం, సూది ద్వారా వైద్యం చేసే విభాగం) ఉందా అని ముందే ఫోనులో అడగండి. ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందో లేదో కూడా. ఎం.ఆర్.ఐ. ఫిల్ముతోపాటు సీడీ, బ్లడ్ గ్రూపు చీటీ, పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాసిన రిఫరల్ చీటీ సంచిలో పెట్టుకోండి.