ఇంటిపేరు ఎక్కడిదో ఎట్లా పట్టుకోవాలె?

ఊరిపేరే ఇంటిపేరైందంటే, ఆ ఊరు విడిచి వచ్చినట్టే అనుకోండి. దేవరకొండలనే ఉంటే దేవరకొండోళ్లని ఎవరంటరు? వేరే ఊళ్లో దిగినంకనే ఆ పిలుపు.

ముందు పెద్దోళ్లనడిగి గోత్రం, కులదేవత గుడి, పాత భూమి ఏ ఊళ్లో ఉండెనో రాసుకోండి. ఆ ఊరి 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తుండెనో రాసిన రికార్డు), ఇంకా పాతదైన సేత్వార్ (సర్వే నంబర్లవారీ భూమి రిజిస్టర్) నకళ్ల కోసం తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. సర్వే నంబరు తెలిస్తే పని సులువు. పాత పాలమూరు ఊరు ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లోనో వనపర్తిలోనో ఉండొచ్చు, 2016లో జిల్లాలు విడిపోయినయి కదా.

ఈ పాత రికార్డులు ఎక్కువగా ఉర్దూల ఉంటయి, అసలు తిప్పలు ఆ రాతతోనే. హ్రస్వాలు మామూలుగా రాయరు, ‘ళ’కు వేరే అక్షరమే లేదు, కొండ, కుండ ఒకేలా కనబడొచ్చు. ఉర్దూ చదివిపెట్టే మనిషికి మీ ఇంటిపేరు ముందే చెప్పకండి, చెప్తే అదే కనబడుతది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టాలు కారు. గోత్రం, కులదేవత కూడా కలవాలె.