ఫ్లై కట్టడం నేర్చుకుందాం, మూడో పాఠం: ఈకను ఎంచుకోవడం, సిద్ధం చేయడం

ఫ్లై అంటే గాలానికి ఈకలు, దారం చుట్టి పురుగులానో చిన్న చేపలానో కనిపించేలా చేసే ఎర. గాలాన్ని వైస్‌లో, అంటే దాన్ని కదలకుండా పట్టి ఉంచే పరికరంలో బిగించడం, దారం జారకుండా చుట్టడం రెండో పాఠంలో అయిపోయాయి. ఆ పని చేతికి అలవాటైతే ఇక ఈకల్లోకి దిగొచ్చు. ఈ పాఠం మిగతావాటి కంటే పెద్దది. ఫ్లై నీటి మీద తేలుతుందా, మునిగి ప్రాణమున్న పురుగులా కదులుతుందా అనేది చాలావరకు ఈకే తేలుస్తుంది కాబట్టి ఇక్కడ తొందరపడితే తర్వాతి పాఠాలన్నీ ఇబ్బంది పెడతాయి.

ముందు ఒక టెన్షన్ తీసేద్దాం. ఈకలనగానే అమెరికా నుంచి తెప్పించాలేమో, వేలకు వేలు పెట్టాలేమో అనుకుంటారు. అక్కడ ఫ్లైల కోసమే తరాల తరబడి ఎంపిక చేసి పెంచిన పుంజులున్నాయి, వాటి ఈకలు నిజంగానే గొప్పగా ఉంటాయి, కాదనను. కానీ 'ఇండియన్ నెక్' అనే పేరు ఫ్లైలు కట్టే ప్రపంచమంతా తెలుసు, అంటే మన దేశపు మామూలు పుంజు మెడ తోలు. దాంతోనే ఎన్నో దేశాల్లో ఎంతోమంది పని నేర్చుకున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే, క్రీ.శ. 200 ప్రాంతంలో ఒక రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి చెబుతూ, గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు ముక్కు కింద వేలాడే ఎర్ర తోలు దిగువన మొలిచే మైనం రంగు ఈకలు రెండు కట్టేవాళ్లని రాశాడు. మొదటి నుంచీ ఇది కోడి ఈకతో నడిచిన పనే. బెజవాడలో, గుంటూరులో ఉన్న మనకి కోడికి కరువా?

అయితే ఏ కోడి అన్నదే ప్రశ్న. బ్రాయిలర్‌ని మొదటే పక్కన పెట్టండి. దాన్ని ఆరు వారాల వయసుకి అటూ ఇటూగా కోసేస్తారు, అప్పటికి మెడ ఈక ఎదిగి ఉండదు, కాడ బలహీనంగా ఉంటుంది, గాలానికి చుట్టబోతే విరుగుతుంది. దాని దగ్గర పనికొచ్చేది తెల్లటి మెత్తని నూగు ఒక్కటే, రంగు వేసుకోవడానికి బాగుంటుంది. మనకి కావాల్సింది ఏడాది దాటిన నాటు పుంజు, దానితోపాటు ఒక నాటు పెట్ట.

రంగుల విషయంలో మనం అదృష్టవంతులం, పక్కనే పల్నాడు ఉంది, పుంజు రంగులకి మన పెద్దవాళ్లు పెట్టిన పేర్లు ఇంకే భాషలో ఉన్నాయో నాకు తెలియదు. డేగ అంటే ఎర్రటి ఈకలు, కాకి అంటే నల్లవి, సేతువ అంటే తెల్లవి, మైల అంటే ఎరుపు బూడిద కలిసినవి, అబ్రాసు అంటే బంగారు రంగు. దుకాణంలో ఈ పేర్లతో అడిగితే వెంటనే అర్థం చేసుకుంటారు. మొదటి మెడకి డేగ తీసుకోండి, ఎర్ర గోధుమ రంగు ఈక పట్టని ఫ్లై చాలా అరుదు. రెండోది సేతువ, ఎందుకంటే తెల్ల ఈకకి ఏ రంగైనా వేసుకోవచ్చు. మైల దొరికితే వదలకండి, ఆ బూడిద ఛాయ కోసం బయట దేశాల్లో ఎక్కువ డబ్బు పెట్టి కొంటారు. పందేల జోలికి వెళ్లాల్సిన అవసరం మాత్రం లేదు, అవి చట్టవిరుద్ధం, పైగా పందెంలో నలిగిన పుంజు ఈకలు విరిగి రక్తంతో ఉంటాయి.

కాలం కూడా చూడాలి. కోళ్లు ఏడాదికోసారి ఈకలు రాల్చి కొత్తవి తొడుగుతాయి, పగటి పొద్దు తగ్గే రోజుల్లో మొదలవుతుంది అది. కొత్త ఈక పెరుగుతున్నప్పుడు కాడ మొదట్లో రక్తం ఉండి నల్లగా, మెత్తగా కనిపిస్తుంది, అలాంటివి ఎండాక ముడుచుకుపోతాయి. అందుకే ఈకలు పూర్తిగా ఎదిగిన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. సంక్రాంతికి, కనుమకి నాటు పుంజులు ఎటు చూసినా ఉంటాయి, ఏడాదికి సరిపడా అప్పుడే సేకరించుకోవచ్చు.

ఇప్పుడు దుకాణం దగ్గర జరిగే అసలు విషయం. బ్రాయిలర్‌కైతే తోలు ఒలిచేస్తారు. నాటుకోడిని అలా కాదు, వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, పసుపు రాసి మంట మీద కాలుస్తారు, మనవాళ్లకి ఆ రుచే కావాలి. కానీ వేడినీళ్లు తగిలిన ఈక పోచలు మెలిపడి జీవం కోల్పోతాయి. కాబట్టి కోడిని కోసిన తర్వాత, నీళ్లలో ముంచకముందే మీ మాట చెప్పాలి: "అన్నా, మెడ తోలూ నడుము మీది తోలూ ముందే ఒలిచి ఇవ్వు, మిగతాది నీ ఇష్టం." ఆదివారం రద్దీలో అడిగితే ఎవరికైనా చిరాకే. బుధవారమో గురువారమో మధ్యాహ్నం వెళ్లండి, ఎందుకో చెప్పండి, ఒక ఫ్లై జేబులో పెట్టుకెళ్లి చూపించండి. చూశాక చాలామంది ఆసక్తిగా తీసి పెడతారు. తోలు ఒలవడం కుదరకపోతే పొడిగా ఉన్నప్పుడే మెడ ఈకలు వేరుగా, నడుము ఈకలు వేరుగా పీకించుకుని రెండు కవర్లలో తెచ్చుకోండి, కలిపేస్తే తర్వాత విడదీయడం పెద్ద పని.

ఒక్క జాగ్రత్త. తనంతట తాను చచ్చిన కోడి ఈకలు ఎప్పుడూ వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినట్టు బర్డ్ ఫ్లూ వార్త వస్తే, అది సద్దుమణిగేదాకా కొత్త ఈకలు ఇంటికి తేకండి. మామూలు రోజుల్లో కూడా పచ్చి ఈకలు ముట్టుకునేటప్పుడు గ్లోవ్స్, మాస్కు వేసుకోండి.

ఈకను ఎలా చదవాలో చూద్దాం. ఒక మెడ ఈకను వెలుతురుకి పట్టుకోండి. మధ్యలో కాడ. రెండు వైపులా పోచలు. కింద మెత్తని నూగు. కాడకి దగ్గరగా పోచలు ఒకదానికొకటి అతుక్కుని మసగ్గా కనిపించే భాగం ఉంటుంది, దాన్ని ఈ పాఠాల్లో పొర అందాం. పొర తక్కువగా, పోచలు గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటే అది తేలే ఫ్లైకి పనికొచ్చే ఈక. పొర ఎక్కువగా, పోచలు మెత్తగా ఉంటే నీళ్లు పీల్చుకుంటుంది, మునిగే ఫ్లైకి అదే కావాలి. అనుమానముంటే శుభ్రం చేసిన ఈకను సగానికి వంచి, విచ్చుకున్న పోచల కొనల్ని చేతి వెనక వైపు ఆనించండి, గుచ్చుకున్నట్టనిపిస్తే గట్టిది, తగిలీ తగలనట్టుంటే మెత్తది. పుంజు మెడ ఈకలు సాధారణంగా గట్టివి, పెట్ట ఈకలు మెత్తవి. నడుము నుంచి తోక వైపు వేలాడే పుంజు ఈకలు సన్నగా, పొడుగ్గా ఉంటాయి, ఫ్లై ఒళ్లంతా చుట్టడానికి అవి హాయి. వాటికీ తోకకీ మధ్యలో ఇంకొన్ని ఉంటాయి, వెడల్పుగా, మెత్తగా, పొర నిండా, పెద్ద ఫ్లైలకి బాగా పనికొస్తాయి, వాటిని పారేయకండి.

ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఫ్లైల గురించి నేర్చుకునేవాళ్లందరూ గట్టి మెడ ఈకల వెనకే పడతారు, ఎందుకంటే చదివేదంతా చల్లటి కొండవాగుల్లో ట్రౌట్ చేపల గురించి, నీటి మీద వాలే చిన్న పురుగుల గురించి. మన కాలువలు, చెరువులు అలాంటివి కావు. కృష్ణ నీళ్లు తెచ్చే రైవస్, ఏలూరు, బందరు కాలువల్లో నీరు మసగ్గా ఉంటుంది, మనకి తగిలేవి తిలాపియా, పరిగెలు, కాస్త అదృష్టముంటే కొర్రమీను, సముద్రం దగ్గర పడితే పండుగప్ప. వీటిలో ఎక్కువ భాగం నీటి లోపల కదిలేదాన్ని చూసి వస్తాయి. అందుకని మనకి పెట్ట ఈక, నడుము ఈక, మెత్తని నూగు, ఈ మూడే ఎక్కువ పని చేస్తాయి. గట్టి మెడ ఈక కొంచెం ఉంటే చాలు. కొర్రమీను గాలి కోసం పైకొస్తుంది, కప్పల్ని మింగుతుంది, దానికి రెండు నడుము ఈకల్ని వెనక్కి విచ్చుకునేలా కట్టి కప్ప కాళ్లలా ఆడించాలి. పండుగప్పకైతే పొడవాటి నడుము ఈకలు ఆరో ఎనిమిదో కలిపి చిన్న చేప ఆకారం వచ్చేలా కడతారు.

శుభ్రం చేయడం. రక్తం మరకలుంటే ముందు చన్నీళ్లే, వేడినీళ్లు పోస్తే మరక అక్కడే పట్టుకుపోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో కొన్ని చుక్కల షాంపూ కలిపి ఈకల్ని దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న సంచిలో వేసి మెల్లగా ఆడించండి, పిండొద్దు. బట్టల పౌడరు వాడకండి, ఈక కూడా మన గోరు, జుట్టు లాగే ప్రోటీన్, పౌడర్లో ఉండే క్షారం, ఎంజైములు దాన్ని పాడు చేస్తాయి. నురగ పోయేదాకా మంచినీళ్లలో జాడించి న్యూస్‌పేపర్ మీద పరచండి, పైన అదే దోమతెర కప్పండి, లేకపోతే ఫ్యాన్ గాలికి ఇల్లంతా ఎగురుతాయి. మన ఎండ చూసి డాబా మీద ఆరబెట్టాలనిపిస్తుంది. వద్దు. రంగు వెలుస్తుంది, కాడ పెళుసవుతుంది. నీడలో ఏప్రిల్ నెలలో ఒక్క పూట చాలు, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఉక్కకి రెండు మూడు రోజులు పడుతుంది. పైన ఆరినట్టుండి కింద నూగులో తడి ఉంటే కవర్లో బూజు పడుతుంది, వేళ్లతో విడదీసి చూశాకే మూటగట్టండి.

తోలుతో తెచ్చుకుంటే పని కొంచెం వేరు. లోపలి వైపు పైకి ఉండేలా అట్ట మీద పరిచి గుండుసూదులు గుచ్చండి, మొండి కత్తితో కొవ్వంతా గీకేయండి, కొవ్వు మిగిలితే కొన్నాళ్లకి కంపు కొట్టి ఈకలకి నూనె పడుతుంది. గీకాక వెలిగారం (బోరాక్స్) పొడి చల్లి రుద్దండి. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ వెలిగారం కాదు, ఆ పౌడర్ బోరిక్ యాసిడ్, దుకాణంలో సరిగ్గా అడగండి. పిల్లలకి అందకుండా పెట్టండి. వారం పది రోజులు నీడలో ఉంచితే తోలు అట్టలా బిగుస్తుంది, ఈకలు వరుస చెదరకుండా పరిమాణం ప్రకారం పేర్చినట్టే ఉంటాయి, తోలుతో తెచ్చుకోవడంలో సుఖం అదే.

ఆరాక మిగిలింది పురుగు. చిన్న చిన్న గుడ్లు ఈకల్లో దాగి ఉంటాయి, రెండు నెలల తర్వాత డబ్బా తెరిస్తే కాడలు మాత్రమే మిగులుతాయి. ఫ్రీజరే దీనికి మందు. రెండు కవర్లలో గట్టిగా మూసి ఒక వారం ఫ్రీజర్లో ఉంచి, ఒకరోజు బయట పెట్టి, మళ్లీ ఒక వారం లోపల పెట్టండి. ఇంట్లో అభ్యంతరం ఉంటే కడిగి ఆరబెట్టిన శుభ్రమైన ఈకలేనని ముందే చూపించి ఒప్పించండి. వేపాకు పెడితే మంచిదే గానీ దాని మీదే ఆధారపడొద్దు. కలరా ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్ డబ్బాల్ని కరిగిస్తాయి, వాసన కూడా మంచిది కాదు, నేను పెట్టను.

కట్టే ముందు చేసేది ఇంకొంత. ఈక పరిమాణాన్ని గాలం నోటితో కొలుస్తాం, అంటే ముల్లు కొనకీ కాడకీ మధ్య ఉన్న ఖాళీతో. ఈకను గాలం కాడ చుట్టూ వంచితే పోచలు విచ్చుకుంటాయి, తేలే ఫ్లైకి ఆ పోచ గాలం నోటికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉండాలి, మునిగేదానికి ఇంకాస్త పొడవున్నా ఫరవాలేదు. సరిపోయిన ఈక దొరికాక అడుగున నూగు పీకేయండి, ఆ పైన రెండు వైపులా మరికొన్ని పోచలు తీసి మూడు నాలుగు మిల్లీమీటర్ల నున్నటి కాడ మిగల్చండి, దారం పట్టేది దాన్నే. మెత్తని ఈకని మాత్రం కొన దగ్గర కట్టి చుడతాం, అప్పుడు నిగనిగలాడే వైపు గాలం కన్ను (తాడు కట్టే రంధ్రం) వైపుకి ఉండాలి, పోచలు వెనక్కి వాలి నీళ్లలో ఆడతాయి. నలిగిపోయిన ఈకలుంటే పారేయకండి, మరిగే గిన్నె పైన ఆవిరికి పట్టకారుతో కాసేపు పట్టుకోండి, పోచలు కళ్ల ముందే లేచి నిలబడతాయి.

బాతుల గురించి ఒక్క మాట. కోతలయ్యాక మన డెల్టా పొలాల్లో తిప్పే బాతుల తోక మొదట్లో నూనె గ్రంథి చుట్టూ చిన్న మెత్తటి ఈకలుంటాయి, వాటిలోని సహజ నూనె వల్ల ఫ్లై బాగా తేలుతుంది. వాటిని షాంపూతో కడిగితే ఆ నూనె పోతుంది, అందుకే వాటికి ఫ్రీజర్ ఒక్కటే.

మిగతా పక్షులు. గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్తే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల నిండా ఉంటాయి, కింద రాలిన ఈకలు కూడా కనిపిస్తాయి. తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈకను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, రాలినదా పీకినదా అని చూసి చెప్పేవాళ్లు ఉండరు. లకుముకిపిట్ట, పాలపిట్ట, అడవికోడి, అన్నీ అంతే. నెమలి తోక ఈకలకి మాత్రం, సహజంగా రాలినవైతే, దేశంలో కొనడానికి అమ్మడానికి వీలుంది, విదేశాలకి పంపడానికి లేదు. ఆ ఈక పోచ ఒక్కటి దారంతో మెలిపెట్టి చుడితే వచ్చే పచ్చటి మెరుపు మరే ఈకలోనూ లేదు, ఒక్క ఈకతో ఎన్నో ఫ్లైలు వస్తాయి. అరుదైన పక్షుల ఈకల మీద వ్యామోహం ఎంత దూరం పోతుందంటే, 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం నుంచి 299 పక్షుల చర్మాల్ని ఫ్లైల కోసమే దొంగిలించారు, వాటిలో శాస్త్రానికి తిరిగి దక్కనివి చాలా ఉన్నాయి. చేప ఆ తేడా చూడదు. డేగ పుంజు ఈక చాలు దానికి.

నాలుగో పాఠంలో సేతువ ఈకలకి వెనిగర్‌తో రంగు వేసి, 1967లో పెన్సిల్వేనియాలో పుట్టిన ఊలీ బగ్గర్ అనే ఫ్లై కడదాం. అప్పటికి ఒక నాటు పుంజు నడుము ఈకలు, ఒక పెట్ట మెడ ఈకలు, కాస్త తెల్ల నూగు కడిగి, ఆరబెట్టి, ఫ్రీజర్ రెండు విడతలూ పూర్తి చేసి వేరువేరు కవర్లలో ఉంచండి, కవరు మీద ఏ కోడి, ఏ భాగం, ఏ నెల అని రాయండి. 8వ నంబరు పొడవు కాడ గాలాలు, నల్ల దారం, సన్నటి రాగి తీగ కూడా దగ్గర పెట్టుకోండి.