గ్రీకు నీతిచింతన, 4వ పాఠం: మధ్యమం అంటే సగం కాదు

సద్గుణం అతికీ లోపానికీ నడుమనున్న 'మధ్యమం' అని ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ చెప్పిన దాని మీద గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన సమాధానాలు చాలావరకు ఒకే చోట తడబడ్డాయి. అందుచేత ఈసారి స్టోయిక్కుల (ఆయన తర్వాత వచ్చిన మరో గ్రీకు తత్వశాఖవారి) వైపు వెళ్లాలన్న ఆలోచన మానుకొని అరిస్టాటిల్ దగ్గరే ఆగుతున్నాను. ధైర్యం పిరికితనానికీ దుస్సాహసానికీ నడుమ ఉంటుందని అందరూ సరిగానే రాశారు. ఆ వెంటనే, కనుక కోపమైనా భయమైనా ఎప్పుడూ ఒక మోస్తరుగానే ఉండాలని తేల్చేశారు. అరిస్టాటిల్ అలా అనలేదు.

'అతి సర్వత్ర వర్జయేత్' అన్న మాట చిన్ననాటి నుంచి మన చెవుల్లో ఉన్నందువల్ల, అరిస్టాటిల్ వాడిన 'మెసోటెస్' అనే గ్రీకు పదాన్ని మనం 'మితం' అని చదివేసుకుంటాం. నేను పట్టుబట్టి 'మధ్యమం' అని రాస్తున్నది అందుకే.

అరిస్టాటిల్ నీతిగ్రంథం 'నికోమాకియన్ ఎథిక్స్' 2వ పుస్తకం, 6వ అధ్యాయం తీయండి. ఒకరికి 10 మినాల (మినా పాత గ్రీకు తూకం) తిండి ఎక్కువ, 2 మినాలు తక్కువ అనుకుంటే, లెక్క ప్రకారం నడిమిది 6. అయినా శిక్షకుడు అందరికీ ఆరేసి మినాలు పెట్టించడు. ఏథెన్సు తూకంలో మినా సుమారు 430 గ్రాములు గనుక, ఆరు మినాలంటే రెండున్నర కిలోలు దాటుతుంది. క్రోటన్ నగరపు ప్రసిద్ధ మల్లయోధుడు మిలోకు అది చాలదు, కసరత్తు కొత్తగా మొదలుపెట్టినవాడికి అది అరగని తిండి. రెంటికీ పదికీ నడుమ ఉన్న ఆరు ఎవరు లెక్కించినా ఆరే. మనకు తగిన మధ్యమం మాత్రం మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుంది. అలాగని ఎవరికి తోచింది వారికి ఒప్పు అని కాదు, వివేకి ఆలోచించి నిర్ణయించేదే ఆ మధ్యమం అని అదే అధ్యాయంలో ఉంది.

ఇప్పుడు కోపాన్ని చూడండి. పనిమనిషి నెల జీతం ఎగ్గొట్టిన యజమానిని చూసి సగం కోపం తెచ్చుకోవడం లోపం. చెయ్యి జారి గాజుగ్లాసు పగలగొట్టిన పిల్లవాడి మీద ఆ సగం కోపమే అతి. కోపపడవలసిన చోట కోపపడనివారిని తెలివిమాలినవారిగా ఎంచుతారని 4వ పుస్తకం 5వ అధ్యాయంలో ఆయన స్పష్టంగానే రాశాడు. కాబట్టి నిండు కోపమే మధ్యమం అయ్యే సందర్భాలు ఉన్నాయి.

ఎప్పుడు చేసినా తప్పే అయిన దొంగతనానికీ హత్యకూ మధ్యమం లేదన్న సంగతిలో ఎవరూ పొరబడలేదు గనుక దాన్ని వదిలేస్తున్నాను.

నాకు అన్నిటికన్నా పనికివచ్చినది 2వ పుస్తకం 9వ అధ్యాయంలోని సలహా: మన మొగ్గు ఎటో కనిపెట్టి, వంగిన కర్రను సరిచేసేవాళ్లలాగా, దానికి ఎదురు దిక్కుకు లాగాలి. నా మొగ్గు కోపం మింగే వైపు. అందుకని చెప్పవలసిన మాటను ఆ రోజు దాటనివ్వకూడదని నియమం పెట్టుకున్నాను. మీ మొగ్గు కోపం వెళ్లగక్కే వైపు అయితే ఈ నియమం మీకు చేటు.

అభ్యాసం: 14 రోజులపాటు రోజుకు ఒక కోపాన్ని నోటుపుస్తకంలో ఐదు గడులుగా రాయండి: ఎవరి మీద, దేనికి, ఏ తీరున, ఏ వేళ, ఎంతసేపు. కోపం రాలేదన్న రోజున, రావలసింది ఏదైనా ఉందా అని వెతికి రాయండి. ప్రతి గడిలో 'తగినది', 'అతి', 'లోపం' అన్నవాటిలో ఒకటి వేయండి. 'మధ్యస్థం' అన్న మాట ఎక్కడా వాడవద్దు. 15వ రోజున ఏ గడిలో ఎక్కువగా తప్పారో, ఎటువైపు తప్పారో రెండు వాక్యాల్లో రాసి పంపండి.