కంప్రెసర్ గేజి సున్నా చూపినా రాడ్ విప్పేటప్పుడు గాలి ఎగదన్నితే: కారణం, పరిష్కారం

బోరు బండిపై రాడ్ (బోరులోకి దించే బోలు ఉక్కు గొట్టం) మార్చేటప్పుడు, లోపల గాలి ఒత్తిడి మిగిలిపోయే ఈ సమస్య మూడు రకాలుగా బయటపడుతుంది. రెండు రాడ్లు కలిసే మర జాయింటు మామూలు కంటే బిగుసుకుపోయి స్పానర్‌కు లొంగదు, లేదా మర కాస్త వదులు కాగానే బురదతో కలిసిన గాలి ముఖం మీదికి కొడుతుంది, లేదా హోస్ (కంప్రెసర్ గాలి గొట్టం) క్లాంపు విప్పగానే హోస్ ఎగిరిపడుతుంది. మూడింటిలోనూ హెల్పర్లు చెప్పే మాట ఒకటే: "గేజి సున్నా మీదే ఉంది కదా!"

జాయింటు బిగుసుకుందనగానే చాలామంది స్పానర్ పిడికి పైపు తొడిగి బలం పెంచుతారు, లేదా సుత్తి అందుకుంటారు. గ్రీజు లేక మర పట్టేయడం మామూలే, దానికి మందు తెలిసిందే. అయితే స్పానర్ పట్టుకునే ముందు గాలి వదిలే వాల్వ్ తెరిచి చూడడం క్షణాల పని, దాన్ని వదిలేయడం నేను ప్రతి బండి మీదా చూస్తున్నాను. రాడ్ లోపల గాలి ఒత్తిడి మిగిలి ఉంటే అది జాయింటును లోపలి నుంచి నెడుతూ మరను మరింత బిగిస్తుంది. అలాంటి జాయింటును బలవంతంగా వదిలించినప్పుడు స్పానర్ ఏ వైపు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

అసలు కారణాన్ని కాస్త వివరంగా చూడాలి. కంప్రెసర్ మీద ఉన్న గేజి చూపేది దాని ట్యాంకులోని ఒత్తిడిని మాత్రమే. కంప్రెసర్ నుంచి గాలిని వదిలే మెయిన్ వాల్వ్ మూసి కంప్రెసర్‌ను ఖాళీ చేస్తే ముల్లు సున్నాకు దిగుతుంది, కానీ ఆ వాల్వ్ నుంచి హోస్, తిరిగే హెడ్ (రాడ్లను తిప్పే భాగం), రాడ్ల మీదుగా అడుగున గాలితో బిట్‌ను కొట్టే హామర్ దాకా ఉన్న గాలి గురించి ఆ గేజికి ఏమీ తెలియదు. మామూలుగా ఆ గాలి బిట్ (రాయిని పగలగొట్టే కొన) రంధ్రాల గుండా బోరులోకి పోతుంది. అయితే పై మట్టి, మొరం దాటి రాయి మొదలయ్యే చోట చెమ్మ తగిలితే రాతి పొడి ముద్దగా మారి బిట్ రంధ్రాలను మూసేస్తుంది, రాడ్ చుట్టూ బురద కట్టుకుంటుంది. అప్పుడు గాలికి కిందికి దారి ఉండదు, పైన వాల్వ్ మూసే ఉంటుంది.

రెండు అంగుళాల హోస్‌లో 300 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 300 పౌండ్ల ఒత్తిడి) ఉంటే దాని మూతి మీద పడే బలం సుమారు 940 పౌండ్లు, అంటే 425 కిలోలకు పైమాటే. అందులో పదోవంతు, అంటే 30 పీఎస్ఐ మాత్రమే మిగిలినా 40 కిలోలకు పైగా తోపు ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి దాకా కొలిచే గేజి మీద ఆ 30ని గుర్తుపట్టడం కూడా కష్టమే. హోస్‌ను చేత్తో నొక్కి చూసి మెత్తగా ఉందా లేదా అని తేల్చుకునే అలవాటునూ నమ్మవద్దు, ఎందుకంటే ఉక్కు తీగ అల్లిన హోస్ ఖాళీగా ఉన్నా గట్టిగానే ఉంటుంది.

కాబట్టి రాడ్ మార్చే ముందు బిట్‌ను అడుగు నుంచి కొద్దిగా పైకెత్తి, హామర్ కొట్టడం ఆగాక, పొడి లేదా నీరు తేటగా వచ్చేదాకా గాలి ఊదనివ్వాలి. తరువాత మెయిన్ వాల్వ్ మూసి, వెంటనే గాలి వదిలే వాల్వ్ తెరవాలి. చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడి, ఆ తరువాత కూడా వాల్వ్‌ను తెరిచే ఉంచాలి. మెయిన్ వాల్వ్ మూసిన వెంటనే గాలి వదిలే వాల్వ్ తెరిచినా ఏ చప్పుడూ రాలేదంటే ఒత్తిడి లేదని అనుకోకండి, ఆ వాల్వ్ రంధ్రమే బురదతో మూసుకుపోయి ఉండవచ్చు. జాయింటును మొదట ఒక్క మర మేరకే వదులు చేసి, అందరూ పక్కకు జరిగి వినాలి. బుస్సుమంటే అక్కడే ఆగి, ఆ చప్పుడు చచ్చాకే మిగతా మర తిప్పాలి. హోస్ రెండు కొనలకూ ఉక్కు తాడు లేదా గొలుసు కట్టి ఉండాలి. బండికి గాలి వదిలే వాల్వే లేకపోతే, మెయిన్ వాల్వ్‌కూ తిరిగే హెడ్‌కూ మధ్య ఒత్తిడికి తగిన బాల్ వాల్వ్ ఒకటి బిగించి, దాని మూతి మనుషులు లేని వైపు కిందికి తిప్పి పెట్టాలి.

పైన వాల్వ్ తెరిచినా బోరులో బురద కింద చిక్కిన గాలి బయటకు రాదు. హామర్‌లోని వెనక్కి రానివ్వని వాల్వ్ దాన్ని రాడ్లలోకి ఎక్కనివ్వదు. అందుకే హామర్ పైకి లాగేటప్పుడు రాళ్లు, బురద ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. బోరు మూతి మీదికి ఎవరినీ వంగనివ్వకుండా, రాడ్ తిప్పుతూ నెమ్మదిగా కిందికీ పైకీ ఆడించి ఆ బురదను విరగ్గొట్టాలి. చెమ్మ తగిలిన వెంటనే ఊదే గాలిలో నీళ్లు, నురుగు కలపడం మొదలుపెడితే ఈ ఇబ్బంది చాలావరకు రాదు.

హోస్ లోపలి రబ్బరు పొర ఊడి తలుపులా అడ్డుపడడం, గేజి గొట్టం నూనె, దుమ్ముతో మూసుకుని ముల్లు సున్నా దగ్గరే ఇరుక్కోవడం కూడా జరుగుతాయి, కానీ అరుదు. మొదటిదానికి హోస్ మార్చాలి, రెండోదానికి గొట్టం శుభ్రం చేయాలి.